లైట్‌హౌస్ అమ్మాయి: కథ దాటేసిన రెండు గంటలు

పిల్లలకు చెప్పే కథ ఇలా ఉంటుంది. సముద్రం మధ్యలో ఒక రాతి దిబ్బ, దాని మీద లైట్‌హౌస్. అందులో అమ్మానాన్నలతో ఉండే ఒక అమ్మాయి. ఒక రాత్రి పెద్ద తుపాను వస్తుంది. ఓడ ఒకటి బండకు కొట్టుకుని రెండు ముక్కలవుతుంది. నిద్రలో ఉన్న అమ్మాయికి కేకలు వినిపిస్తాయి. పరుగెత్తి వెళ్లి నాన్నను లేపుతుంది. "వద్దు తల్లీ, ఈ అలల్లో వెళ్తే మనమూ పోతాం" అంటాడు నాన్న. "అయితే నేనొక్కదాన్నే వెళ్తాను నాన్నా" అని ఆమె పడవలోకి దూకుతుంది. చేసేదేమీ లేక ఆయనా ఎక్కుతాడు. ఎగసే అలలు, ఎగిరే జుట్టు, చివరికి అందరూ క్షేమం. కథ కంచికి, మనం ఇంటికి.

చెప్పడానికి బాగుంటుంది. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. చిక్కల్లా ఏమిటంటే, ఈ అమ్మాయి కల్పన కాదు. పేరు గ్రేస్ డార్లింగ్. ఊరు ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని నార్తంబర్లండ్. జరిగింది 1838 సెప్టెంబరు 7, శుక్రవారం తెల్లవారుజామున. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. పడవలో ఆమె పక్కన కూర్చుని తెడ్డు వేసిన తండ్రి విలియం డార్లింగ్, నెల తిరక్కుండానే లైట్‌హౌస్‌ల పాలక సంస్థ ట్రినిటీ హౌస్‌కు జరిగినదంతా ఉత్తరంగా రాశాడు. ఆ ఉత్తరాన్ని కథ పక్కన పెట్టి చదివితే, కథలో ఉన్న కేకలు ఉత్తరంలో లేవు. వద్దన్న నాన్న లేడు. ఒక్కదాన్నే వెళ్తానన్న మాటా లేదు.

అయితే ఆమె గొప్పదనం తగ్గినట్టా? నా లెక్కలో పెరిగినట్టు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఓడ సంగతి చూడాలి.

ఫార్ఫర్‌షైర్ అనేది పక్కన తెడ్డుచక్రాలు తిరిగే ఆవిరి ఓడ. డండీలో కట్టారు. అప్పటికి పాతదేమీ కాదు. హల్ రేవు నుంచి డండీకి మనుషుల్నీ సరుకునీ చేరవేసేది. సెప్టెంబరు 5 సాయంత్రం హల్ నుంచి బయల్దేరింది. దారిలోనే బాయిలర్ కారడం మొదలైంది. కారుతున్న బాయిలర్‌తో వెనక్కి తిరగాలా, ముందుకే పోవాలా అన్న ప్రశ్నకు కెప్టెన్ జాన్ హంబుల్ ముందుకే అన్నాడు. ఆరో తేదీ రాత్రికి, స్కాట్లండ్ సరిహద్దు దగ్గరి బెరిక్ ఊరి ఎదుట సముద్రంలో, ఇంజన్లు పూర్తిగా ఆగిపోయాయి. అప్పటికి ఉత్తరం నుంచి పెనుగాలి. పైగా దట్టమైన పొగమంచు. తెరచాపలు ఎత్తి, గాలి తోసిన దిక్కుకు, అంటే దక్షిణానికి, ఓడను మళ్లించారు. ఫార్న్ దీవుల చాటున తలదాచుకుందామని కెప్టెన్ ఆలోచన. అక్కడ ఒకటి కాదు, లోపలి దీవి మీద ఒకటి, బయటి అంచున లాంగ్‌స్టోన్ బండ మీద ఒకటి లైట్లున్నాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకున్నాడని చెబుతారు. లైట్‌హౌస్ వెలిగితే సరిపోదు, చూసేవాడు అది ఏ లైటో పోల్చుకోవాలి కూడా. ఉదయం నాలుగు ప్రాంతంలో ఓడ బిగ్ హార్కర్ అనే బండను గుద్దుకుంది. పావుగంటలో తెడ్డుచక్రాల ఇరుసు దగ్గర రెండుగా విరిగింది. వెనక సగం మనుషులతో సహా కొట్టుకుపోయింది. ముందు సగం బండకు పట్టుకుని ఉండిపోయింది.

విలియం లెక్క ప్రకారం 43 మంది మునిగిపోయారు. కెప్టెనూ, ఆయన భార్యా అందులోనే. ఓడకున్న చిన్న పడవలో తొమ్మిది మంది ముందే దిగిపోయారు. వాళ్లను దారిన పోయే మరో ఓడ ఎక్కించుకుని షీల్డ్స్ రేవుకు చేర్చింది. ఇంకొందరు విరిగిన ముక్కను పట్టుకుని, నీళ్లు తగ్గే కొద్దీ బండ మీదికి పాక్కుంటూ చేరారు.

అక్కడికి మైలు దూరం కూడా లేని లాంగ్‌స్టోన్ లైట్‌హౌస్‌లో, మేడమీది కిటికీ దగ్గర గ్రేస్ ఉంది. ఐదింటికి పావుగంట తక్కువలో ఆమెకు హార్కర్ మీద ఏదో నల్లగా కనిపించింది.

కథ అసలు తప్పటడుగు వేసేది ఇక్కడే. కథలో అమ్మాయి చూడగానే పరుగెత్తుతుంది. నిజంగా జరిగింది వేరు. చూసింది, తండ్రికి చెప్పింది, ఇద్దరూ దుర్భిణి తీసుకుని చూస్తూ కూర్చున్నారు. చీకటి, ఓడ మీద విరిగిపడే నురుగు. మనిషన్నవాడు ఒక్కడూ కనిపించలేదు. దుర్భిణి కిందపెట్టకుండా ఏడు దాకా చూశామని విలియం రాశాడు. అంటే రెండు గంటలకు పైగా. అక్కడ ఓడ విరిగి ఉందని తెలిసి, పడవ కింద కట్టేసి ఉండి, వెళ్లకుండా కూర్చున్న రెండు గంటలు.

పిల్లల కథకు ఈ రెండు గంటలు పనికిరావు. చేతులు ముడుచుకు కూర్చున్న వీరవనితను ఎవరు వింటారు? కానీ నన్నడిగితే సాహసమంతా ఆ రెండు గంటల్లోనే తయారైంది. తెల్లవారి, నీళ్లు కొంత దిగాక, బండ మీద ముగ్గురు నలుగురు మనుషులు కదలడం కనిపించింది. అప్పుడు తండ్రీ కూతుళ్లు ఒక అంచనాకు వచ్చారు. ఉత్తరంలో విలియం దాన్ని దాచుకోకుండా రాశాడు: అక్కడికి చేరగలిగితే ఆ మనుషుల్లో కొందరు తెడ్డు వేయడానికి సాయపడతారు, వాళ్ల సాయం లేకుండా మనం తిరిగి రాలేం అని ఇద్దరం అనుకున్నాం.

ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. వెళ్లడానికి ఇద్దరి బలం చాలు. తిరిగి రావడానికి చాలదు. ఆ సంగతి బయల్దేరక ముందే తెలుసు. తిరుగు ప్రయాణానికి కావలసిన చేతులు అవతలి బండ మీద, మూడు గంటలుగా చలిలో తడుస్తూ, సత్తువ మిగిలిందో లేదో తెలియని స్థితిలో ఉన్నాయి. అందుకే మనుషులు కనిపించేదాకా ఆగడం తప్పనిసరైంది. ఐదింటికే ఆవేశపడి బయల్దేరి ఉంటే, అవతల బతికున్నవాళ్లు లేకపోతే, మునిగేది ఇంకో ఇద్దరు. చూశారు, ఆగారు, లెక్క కట్టారు, ఆ లెక్క బొటాబొటిగా తేలిందని తెలిసే బయల్దేరారు. తెలియక దూకడం ధైర్యమే కావచ్చు. తెలిసి దిగడానికి ఇంకా గట్టి గుండె కావాలి.

"ఇద్దరం అనుకున్నాం" అన్న మాటా చూడాలి. బతిమాలింపు లేదు, బుజ్జగింపు లేదు. గ్రేస్ పసిపిల్ల కాదు. ఆ దీవుల్లోనే పెరిగి, తండ్రి పనిలో చేదోడుగా ఉన్న మనిషి. మామూలుగానైతే పడవలో రెండో జత తెడ్లు ఆమె తమ్ముడు విలియం బ్రూక్స్ చేతిలో ఉండేవి. ఆ రోజు అతను చేపల పని మీద ఒడ్డున ఉన్నాడు. ఒడ్డు నుంచి వేరే పడవ వచ్చే ఆశ లేదని తండ్రి అంచనా. ఇంట్లో మిగిలింది తల్లి థామసిన్, గ్రేస్. కాబట్టి ప్రశ్న "అమ్మాయి వెళ్లొచ్చా" అన్నది కాదు. "ఉన్న ఇద్దరితో పని జరుగుతుందా" అన్నదే.

ఇప్పుడు పడవ. ఆ తీరంలో కోబుల్ అంటారు. ముక్కు బాగా ఎత్తుగా, వెనక భాగం అడుగు చదునుగా ఉంటుంది, ఇసుక మీదికి లాగడానికి వీలుగా. పొడవు 21 అడుగులు. తిన్నగా పోతే దూరం తక్కువే కానీ, ఉత్తరపు గాలికి ఎదురుగా పడవను పెట్టడం ఆత్మహత్యే. అందుకని దీవులకు దక్షిణపు చాటున, గాలి కొంత తగ్గే వైపు నుంచి చుట్టుతిరిగి వెళ్లారు. అలా దాదాపు మైలు. ఫార్న్ దీవులు ఎన్నంటే ఒక జవాబు లేదు, ఆటుపోట్లను బట్టి 15 నుంచి 20 దాకా మారుతుంటాయి. అంటే పోటు మీదున్నప్పుడు కనిపించని బండలు ఆటులో పైకి లేస్తాయి. దారి తెలిసినవాడికి అవే చాటు, తెలియనివాడికి అవే చావు. పన్నెండేళ్లుగా లాంగ్‌స్టోన్‌లో కాపురం, అంతకుముందు పక్కనున్న బ్రౌన్స్‌మన్ దీవిలో. ఆ నీళ్లు వాళ్లకు ఇంటి వాకిలి లాంటివి.

బండ దగ్గరికి చేరాక చూస్తే ముగ్గురు నలుగురు కాదు, తొమ్మిది మంది బతికున్నారు. ఎనిమిది మంది మగవాళ్లు, ఒక స్త్రీ. ఆమె పేరు సారా డాసన్. చేతుల్లో ఇద్దరు పిల్లలు. ఇద్దరూ అప్పటికే చలికి ప్రాణం వదిలారు. ప్రయాణికుల్లోని ఒక మతగురువూ బండ మీదే చనిపోయి ఉన్నాడు.

ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది తేల్చడానికి విలియం బండ మీదికి దూకాడు. పడవలో గ్రేస్ ఒక్కతే మిగిలింది. బొమ్మలేసేవాళ్లు ఎప్పుడూ ఇద్దరూ తెడ్లు వేస్తున్న దృశ్యమే గీస్తారు. నాకైతే ఆ ఉదయం అన్నిటికన్నా కష్టమైన నిమిషాలు ఇవే అనిపిస్తుంది. మనిషి దూకగానే పడవ ఒక్కసారి తేలికై పక్కకు ఒరుగుతుంది. ఇద్దరు వేసే తెడ్లు ఇప్పుడు ఒక్కరు వేయాలి. దగ్గరగా పోతే అల ఎత్తి బండకేసి కొడుతుంది, చెక్క పగులుతుంది. దూరంగా పోతే గాలి లాక్కుపోతుంది, మళ్లీ దగ్గరికి తేవడం ఒక్కరి వల్ల కాదు. ముందుకు రెండు తెడ్లు, వెనక్కి రెండు తెడ్లు, ఉన్నచోటే ఉండాలి. పడవ చేజారిందా, బండ మీద తొమ్మిది కాదు పది మంది. వాళ్లను చూడ్డానికి లాంగ్‌స్టోన్‌లో తల్లి ఒక్కతే.

పడవ చేజారలేదు.

తొమ్మిది మందినీ ఒకేసారి ఎక్కించుకోవడం ఆ వాతావరణంలో కుదరదని విలియం నిర్ణయించాడు. మొదటి విడత సారా డాసన్, నలుగురు మగవాళ్లు. సారా తన పిల్లల్ని బండ మీదే వదిలి పడవెక్కాలి. బతికున్నవాళ్లకే చోటు చాలనప్పుడు ఆ మాట ఆ తల్లికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. పిల్లల పుస్తకాల్లో ఈ ముక్క చాలావరకు కనిపించదు. కారణం అర్థం చేసుకోగలను. ఐదారేళ్ల బిడ్డకు పడుకునే ముందు చెప్పే విషయం కాదిది. కానీ "అందరూ క్షేమం" అని చెప్పడం మాత్రం అబద్ధం. 43 మంది పోయారు. "దొరికిన తొమ్మిది మందినీ తెచ్చారు" అంటే పిల్లలకు అర్థమవుతుంది, అబద్ధమూ కాదు.

లాంగ్‌స్టోన్ చేరాక గ్రేస్ పడవ దిగింది. తల్లితో కలిసి వచ్చినవాళ్లను చూసుకునే పని ఆమెది. రెండో విడతకు ఆమె వెళ్లలేదు. తెచ్చినవాళ్లలో ఇద్దరు తెడ్లు అందుకుని విలియంతో వెనక్కి వెళ్లి, మిగిలిన నలుగురిని తెచ్చారు. వేళ్లు మడిచి లెక్కపెట్టండి: మొదటిసారి తిరుగుదారిలో పడవలో ఏడుగురు, రెండోసారీ ఏడుగురే. ఉదయం కిటికీ దగ్గర వేసుకున్న అంచనా, తిరుగుదారిలో చేతులు అవతల దొరుకుతాయన్నది, అక్షరాలా అలాగే తీరింది. తొమ్మిది గంటలకు అంతా అయిపోయింది.

ఆ రెండో విడతలో తెడ్డు వేసిన ఇద్దరి గురించి కథలు నోరెత్తవు. కొన్ని గంటల క్రితం కళ్లముందే ఓడ విరిగింది. చలికి ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది. నాలుగు గోడల మధ్యకు, మంట దగ్గరికి చేరారు. అక్కడి నుంచి లేచి, అదే నీళ్లలోకి, అదే బండ దగ్గరికి మళ్లీ వెళ్లారు. రక్షణ పొందినవాళ్లు రక్షించేవాళ్లయ్యారు. పిల్లలకు ఇంతకన్నా మంచి మలుపు ఏ కథలో దొరుకుతుంది?

ఇంకొక పడవ కూడా ఉంది. నార్త్ సండర్లండ్ రేవు నుంచి ఏడుగురు బయల్దేరారు. వాళ్లలో ఒకడు గ్రేస్ తమ్ముడు విలియం బ్రూక్సే. వాళ్లు రావలసిన దూరం ఎన్నో రెట్లు ఎక్కువ, చాటు తక్కువ. హార్కర్ చేరేసరికి మూడు శవాలే ఉన్నాయి. వాటిని అల తగలని ఎత్తుకు చేర్చారు. ఒడ్డుకు తిరిగి వెళ్లే వీలు లేక లాంగ్‌స్టోన్‌కే వచ్చారు. గాలి తగ్గక ఆదివారం దాకా అక్కడే చిక్కుకుపోయారు. ఇంటివాళ్లు ముగ్గురు, తొమ్మిది మంది బయటపడ్డవాళ్లు, ఈ ఏడుగురు. సముద్రం మధ్య ఒక స్తంభంలో, పంతొమ్మిది మంది. అంత మందికి ఏం వండి పెట్టారన్నది కథ రాసేవాళ్లు ఎవరూ అడగరు. నాకు మాత్రం థామసిన్ గుర్తొస్తుంది.

మరి ఇంత తేటగా ఉన్న సంగతి కేకలు విన్న అమ్మాయి కథగా ఎలా మారింది?

పత్రికల వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు, కానీ సరిపోదు. 1838 ఏ ఏడాదో గుర్తుంచుకోవాలి. ఆ జూన్‌లోనే విక్టోరియా రాణికి పట్టాభిషేకం జరిగింది. ఆమెకు 19 ఏళ్లు. సింహాసనం మీద ఒక యువతి, తుపానులో ఇంకొక యువతి. దేశం మొత్తం ఆ పోలికకు సిద్ధంగా ఉంది. రాణి స్వయంగా 50 పౌండ్లు పంపింది. చందాలు 700 పౌండ్లు దాటాయి. ఓడ ప్రమాదాల్లో ప్రాణరక్షణకు 1824లో పుట్టిన సంస్థ, ఇప్పుడు ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అంటున్నది, తండ్రికీ కూతురికీ వెండి పతకాలిచ్చింది. రాయల్ హ్యూమేన్ సొసైటీ బంగారు పతకాలిచ్చింది. రెండు చోట్లా ఇద్దరికీ. అయినా జనం నోట మిగిలింది ఒక్క పేరే.

ఆ రోజుల్లో ఓడలు మునగడం కొత్త కాదు, మగవాళ్లు పడవేసుకుని వెళ్లి రక్షించడమూ కొత్త కాదు. కొత్తది అమ్మాయి. వార్తకు అమ్మాయి కావాలి. అమ్మాయి ముందుండాలంటే తండ్రి ఒక అడుగు వెనక్కి తగ్గాలి. అలా ఆయన "వద్దన్న నాన్న" అయ్యాడు. ఏళ్ల తరబడి అనుభవమున్న మగవాడు అంచనా వేస్తే అది వృత్తి. అదే అంచనా అమ్మాయి వేసిందంటే అప్పటి పాఠకులకు మింగుడుపడేది కాదు. జాలితో, కన్నీళ్లతో, ఆవేశంతో దూకిందంటే మింగుడుపడుతుంది. అందుకే కిటికీ, దుర్భిణి పోయి, కేకలు వచ్చాయి. నిజానికి ఆ గాలి హోరులో అంత దూరం నుంచి గొంతు ఎక్కడ వినిపిస్తుంది? 1839లోనే ఆమె మీద నవల వచ్చింది. అప్పటికే లండన్ రంగస్థలం మీద నాటకమూ పడింది. ఎగిరే జుట్టు అక్కడి నుంచే మొదలు. కవి వర్డ్స్‌వర్త్ కూడా 1843లో ఆమె మీద పద్యం రాశాడు. అప్పటికి ఆమె లేదు.

బతికుండగా ఆ కథ ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పడవలేసుకుని జనం లాంగ్‌స్టోన్‌కు వచ్చేవారు. చిత్రకారులు ఒకరి తర్వాత ఒకరు దిగి, ఆమెను కూర్చోబెట్టి బొమ్మ గీసుకునేవారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఉత్తరాలు రాసి జుట్టు పాయ పంపమని అడిగేవారు. వేదిక మీద బొమ్మ పడవలో ఊరికే కూర్చుంటే చాలు డబ్బులిస్తామన్న నాటకాలవాళ్లూ ఉన్నారు. ఆమె వెళ్లలేదు. చివరికి నార్తంబర్లండ్ డ్యూక్ పెద్దదిక్కుగా నిలబడి, చందాలుగా వచ్చిన డబ్బును ఒక ట్రస్టుగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. 1842 అక్టోబరు 20న, 26 ఏళ్లకు, క్షయతో బామ్‌బరోలో చనిపోయింది. పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఆ రోజు పడవెక్కి చలికి తడిసినందుకే పోయిందని కథను ఇంకాస్త పిండేవాళ్లుంటారు. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి. క్షయ ఆ కాలంలో లైట్‌హౌస్‌లో లేనివాళ్లనూ వదల్లేదు.

"లైట్‌హౌస్ అమ్మాయి" అనే అచ్చు ఒకసారి తయారయ్యాక, తర్వాత వచ్చినవాళ్లందరినీ అందులోనే పోశారు. గ్రేస్ పోయిన 1842లోనే అమెరికాలో ఐడా లూయిస్ పుట్టింది. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ దగ్గర లైమ్ రాక్ లైట్‌హౌస్. తండ్రి పక్షవాతంతో మంచాన పడితే తల్లీ కూతుళ్లే దీపం చూసుకున్నారు. అధికారిక లెక్కలో ఆమె కాపాడిన ప్రాణాలు 18. ఒక్క రాత్రిలో కాదు, ఏళ్ల తరబడి. 1869లో ఇద్దరు సైనికుల్ని నీళ్లలోంచి లాగాక దేశమంతా పేరు మోగింది, ఆ వేసవిలో ఒక పెద్ద వారపత్రిక ముఖచిత్రంగా వేసింది. కానీ చేస్తున్న పనికి అధికారికంగా కీపర్ అన్న హోదా దక్కడానికి 1879 దాకా ఆగాల్సి వచ్చింది. 1911లో చనిపోయేదాకా ఆ దీపం ఆమెదే. పిల్లల కథకు ఆమె బతుకు కాస్త పొడుగు. కథకు ఒక రాత్రి చాలు, ఉద్యోగం అక్కర్లేదు.

ఇంకొక అమ్మాయి సంగతైతే కథకు అసలే లొంగదు. మెయిన్ రాష్ట్రంలో, మటినికస్ రాక్ అనే బండ మీద అబీ బర్జెస్. 1856 జనవరిలో తండ్రి సరుకుల కోసం ఒడ్డుకు వెళ్లాడు. తుపాను పట్టుకుంది. వారాల తరబడి పడవ రాలేదు. పదహారేళ్ల అబీ, జబ్బుతో ఉన్న తల్లినీ చెల్లెళ్లనూ భద్రమైన స్తంభంలోకి మార్చి, అలల్లో కొట్టుకుపోబోయిన కోళ్లను కూడా పట్టుకొచ్చి, ప్రతి రాత్రీ దీపాలు వెలిగించింది. ఒక్క రాత్రీ ఆరనివ్వలేదు. ఆమె ఎవరినీ నీళ్లలోంచి లాగలేదు. లాగే అవసరం రాకుండా చూసింది. దీపం చూసి పక్కకు తప్పుకున్న ఓడల్లో ఎంతమంది ఉన్నారో లెక్క కట్టేదెవరు? లైట్‌హౌస్ చేసే అసలు పని ఇదే, దీనికి కథ ఉండదు. గ్రేస్ కథ ఉన్నది ఆ రాత్రి లైటు వెలుగుతూ ఉండి కూడా ఓడ మునిగినందుకు.

అచ్చు ఎంత గట్టిదో ఆస్ట్రేలియా చూపిస్తుంది. 1876లో పశ్చిమ తీరంలో జార్జెట్ అనే ఓడ ఒడ్డు దగ్గర మునుగుతుంటే, పశువుల కాపరి శామ్ ఐజక్స్ చూసి యజమాని ఇంటికి కబురు తెచ్చాడు. అతను ఆదివాసీ. ఆ ఇంటి పదహారేళ్ల అమ్మాయి గ్రేస్ బసెల్, శామ్, ఇద్దరూ గుర్రాల మీద అలల్లోకి దిగి జనాన్ని ఒడ్డుకు చేర్చారు. అక్కడ లైట్‌హౌసూ లేదు, తెడ్లూ లేవు. అయినా ఆమెను "పశ్చిమ గ్రేస్ డార్లింగ్" అన్నారు. ఆమెకు వెండి పతకం, అతనికి కంచు పతకం. లాంగ్‌స్టోన్‌లో పతకాలు సమానమైనా పేర్లు సమానం కాలేదు. ఇక్కడ పతకాలే సమానం కాలేదు.

ఇన్ని తెలిశాక పిల్లలకు ఈ కథ ఎలా చెప్పాలి? చెప్పొద్దని నేననను. కేకలు తీసేసి కిటికీ పెడితే చాలు. "చీకట్లో ఏదో కనిపిస్తోంది, మనుషులు ఉన్నారో లేదో తెలియదు, నువ్వైతే ఏం చేస్తావు?" అని ఆపండి. చాలామంది పిల్లలు "వెంటనే వెళ్తా" అంటారు. "మరి తిరిగి ఎలా వస్తావు?" అనడిగితే కథ నిజంగా మొదలవుతుంది. పడవలో ఎంతమంది పడతారు, ఎవరిని ముందు ఎక్కించాలి, నాన్న బండ మీదికి దూకితే పడవ ఎవరు పట్టుకోవాలి. అమ్మాయి నాన్నతో పోట్లాడకపోయినా ఉత్కంఠ ఎక్కడా తగ్గదు. ఒక తండ్రి తన కూతుర్ని సాటి పనివాడిగా నమ్మి పడవలో కూర్చోబెట్టుకున్నాడన్నది, వద్దన్న నాన్న కన్నా అరుదైన సంగతి కూడా.

ఆ పడవ ఇప్పటికీ ఉంది. బామ్‌బరోలో, ఆమె సమాధి ఉన్న చర్చికి ఎదురుగా, ప్రమాదానికి వందేళ్లయిన 1938లో తెరిచిన మ్యూజియంలో పెట్టారు. లాంగ్‌స్టోన్‌లో దీపం 1990 నుంచి తనంతట తనే వెలుగుతోంది, కాపలా మనుషులు లేరు.

విలియం డార్లింగ్ రోజూ రాసుకునే చిట్టా కూడా మిగిలింది. అందులో ఆ రోజుకు కేటాయించింది కొన్ని వాక్యాలే. గాలి ఎటు నుంచి, ఓడ ఎక్కడ గుద్దుకుంది, ఎంతమంది పోయారు. మిగిలిన తొమ్మిది మందిని "డార్లింగ్‌లు" రక్షించారని ఉంది. గ్రేస్ పేరు విడిగా లేదు, ఆయన పేరూ విడిగా లేదు. ఆ తర్వాత ఓడలో ఉన్న సరుకు జాబితా: నాణ్యమైన బట్టలు, ఇనుప సామాను, సబ్బు, నూలు వడికే యంత్రాల భాగాలు, వాటితోపాటు బాయిలర్లు చేసే ఇనుప రేకులు.